ముందు ఉత్తది చూడు

మా టీచరమ్మ పోయారు. శనివారం మధ్యాహ్నం భవానీపూర్‌లోని అద్దె ఇంట్లో భోజనం చేసి, కుర్చీలో వెనక్కి వాలి, ఇక లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. కబురు వచ్చేసరికి నేను ల్యాబ్‌లో ఉన్నాను. చేతులకు గ్లవ్స్, ముందు కణాలు పెరుగుతున్న ప్లేట్లు. పక్క బల్ల దగ్గర పనిచేసే బెంగాలీ అమ్మాయి నా ఫోన్ తీసి నా చెవికి ఆనించి పట్టుకుంది. అవతల టీచరమ్మ వదినగారు. "మీ టీచరమ్మ ఎల్లిపోనాదే అమ్మీ" అన్నారు. వెంటనే ఫోన్ పెట్టేశారు.

నేను వెంటనే పరిగెత్తలేదు. ప్లేట్లలో పాత ద్రవం తీసి కొత్తది పోసి, మూతలు పెట్టి, ఇంక్యుబేటర్‌లో సర్ది, అప్పుడు బయటికి వచ్చాను. చదివేవాళ్ళకు నేను రాతి మనిషిలా అనిపించవచ్చు. కానీ ఆ ప్లేట్లు ఆవిడవే. శుక్రవారం సాయంత్రం తన చేత్తో కలిపి పోసి వెళ్ళారు. వాటిని సగంలో వదిలేసి వస్తే శవపేటికలోంచి లేచి మరీ నన్ను చీవాట్లు పెట్టేవారు. బస్సెక్కాక ఏడుపు వచ్చింది. అది కూడా సరిగ్గా రాలేదు. అంత అలసిపోయి ఉన్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా మేముండే గార్డెన్ రీచ్‌లో చాలామందికి అది ఎవరి పేరో తెలియదు. మాకందరికీ ఆవిడ టీచరమ్మే. శ్రీకాకుళం తీరం నుంచి, ఇక్కడ ఓడలు సరుకు దింపే డాకులో బస్తాలు మొయ్యడానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. మాదీ అంతే. ఆవిడ చదువుకుని, డాక్టరేట్ తెచ్చుకుని, పరిశోధన సంస్థలో ఉద్యోగం సంపాదించి భవానీపూర్ వెళ్ళిపోయినా, ఆదివారం మాత్రం మా తెలుగు చర్చికి వచ్చి పిల్లలకు పాఠం చెప్పేవారు. మేం బళ్ళో బెంగాలీ, ఇంగ్లీషు చదివేవాళ్ళం. తెలుగు ఇంట్లో మాట్లాడడానికే. పెద్దక్షరాల బైబిల్ ముందు పెట్టి, వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ ఆవిడే మాకు చదవడం నేర్పారు. ఇవాళ ఈ నాలుగు మాటలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే.

ఎమ్మెస్సీ అయ్యాక నేను ఆవిడ దగ్గరే పరిశోధనకు చేరాను. మొదటిరోజు నా మార్కులు అడగలేదు. "ఏటమ్మా, ఓపికుందా?" అన్నారు. ఉందన్నాను. అప్పుడు ఉండేది.

మా పని గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పలేను. మన ఒంట్లో ప్రతి కణంలోనూ జీన్లు ఉంటాయి. కొన్ని జబ్బుల్లో ఒక జీన్ అదే పనిగా వాగుతూనే ఉంటుంది. దాని నోరు మూయించే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను ల్యాబ్‌లో తయారుచెయ్యవచ్చు. చిక్కల్లా దాన్ని కణం లోపలికి చేర్చడంలోనే ఉంది. ఒంటరిగా పంపితే రక్తంలోనే ముక్కలైపోతుంది. ఒకవేళ కణం దాకా వచ్చినా, రెండింటికీ ఒకే రకం విద్యుదావేశం ఉండడంవల్ల పైపొర దాన్ని దగ్గరికి రానివ్వదు. అందుకని దానికి వ్యతిరేకమైన ఆవేశం ఉన్న పాలిమర్‌లో, అంటే చిన్న అణువులు గొలుసుకట్టుగా అతుక్కున్న పెద్ద అణువులో, చుట్టి పంపుతాం. కణం ఆ మూటను ఒక చిన్న సంచిలోకి మింగుతుంది. ఆ సంచిలోంచి ఆర్‌ఎన్‌ఏ బయటపడితేనే పని జరుగుతుంది. బయటపడకపోతే సంచిలోనే జీర్ణమైపోతుంది.

డాకు మనుషులకు ఇదంతా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేవారు. "ఓడ గంగలోకి వచ్చేసిందని సంబరపడితే ఎలాగ? డాకు గేటు తియ్యాల, సరుకు దిగాల. దిగాక ఆ ఓడ డాకుని పాడుచెయ్యకుండా ఎల్లిపోవాల." వాళ్ళు తలాడించేవాళ్ళు. సముద్రపు పోటు కోసం రోజుల తరబడి నదిలో నిలబడిపోయే ఓడలు వాళ్ళకు కొత్త కాదు.

ఆర్‌ఎన్‌ఏకు ఆకుపచ్చగా వెలిగే రంగు తగిలించి మైక్రోస్కోపులో చూస్తాం. సంచుల్లో చిక్కుకుపోతే కణం నిండా చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. బయటపడితే కణమంతా పలచగా పరుచుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చుక్కలు చూసి గంతులేస్తారు. నేనూ వేశాను. ఆవిడ కుర్చీ జరుపుకుని వచ్చి, కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసుకుని చూసి, "వచ్చింది. దిగలేదు" అని వెళ్ళిపోయి మరమరాల డబ్బా తీశారు. మరమరాలు, పచ్చిమిరపకాయ, రెండు చుక్కల ఆవనూనె. అదే ఆవిడ సాయంత్రం ఫలహారం. మరమరాల్లో ఆవనూనె కలపడం ఒక్కటే తనకు వంటబట్టిన బెంగాలీతనం అనేవారు. నిజానికి ల్యాబ్‌లో అందరినీ బెంగాలీలోనే తిట్టేవారు.

ఆవిడ అలవాట్లలో మాకు విసుగు తెప్పించేది ఒకటుంది. ప్రతి ప్రయోగంలోనూ, ఏ జీన్‌తోనూ సంబంధం లేని ఆర్‌ఎన్‌ఏను అదే పాలిమర్‌లో చుట్టి కొన్ని కణాలకు ఇస్తాం. దాని పని ఏ పనీ చెయ్యకుండా ఉండడమే. ఆవిడ దాన్ని "ఉత్తది" అనేవారు. నీలం టేపుమీద తెలుగులో అలాగే రాసి అంటించేవారు. ల్యాబ్‌లో బెంగాలీవాళ్ళకు వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట అది. అసలు ప్లేటు ఎలా ఉందోనని మేం ఆత్రపడుతుంటే, "ముందు ఉత్తది చూడు" అనేవారు. ఉత్తది చూసి, రాసుకుని, ఆవిడకు చెప్పాకే రెండోదానిమీద చెయ్యి వెయ్యనిచ్చేవారు.

ఈ పట్టు ఆవిడకు పుట్టుకతో వచ్చింది కాదు. ఎలా వచ్చిందో చెబుతాను.

ఆవిడకు ఒక్కడే అన్నయ్య. మాకు వరస కాకపోయినా అందరం మావయ్య అనే పిలుస్తాం. ఓడలు కట్టేచోట పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడిపోతున్నాయని డాక్టర్లు చెప్పారు. ఎందుకు వచ్చిందో తేల్చలేదు. మచ్చ కట్టడాన్ని ఎగదోసే జీన్ ఒకటుంది. దాని నోరు మూయించే ఆర్‌ఎన్‌ఏను ఊపిరితిత్తుల కణాల్లోకి చేర్చాలన్నదే టీచరమ్మ పట్టుకున్న పని. మామూలుగా ఇలాంటి మూటలు ఒంట్లోకి వెళితే లివర్‌లో తేలతాయి. ఊపిరితిత్తులకు చేర్చడం కష్టం. సులువైన దారి ఉండగా కష్టమైనదే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, "లివర్ బాగున్న అన్నయ్య ఉన్నాడు నాకు. ఏటి సెయ్యను?" అనేవారు.

నేను చేరిన కొత్తలో, నాకంటే ముందు వచ్చినవాళ్ళు తయారుచేసిన పాలిమర్ ఒకటి బాగా పనిచేసింది. మూడో రోజుకి ఆ జీన్ గొంతు దాదాపు వినపడలేదు. పరిశోధన పత్రికలో పేపరు అచ్చయింది. బెంగాలీ దినపత్రిక ఒకటి లోపలి పేజీలో చిన్న వార్త వేసింది. గార్డెన్ రీచ్‌కి వచ్చేసరికి ఆ చిన్న వార్త పెద్దదైపోయింది. టీచరమ్మ ఊపిరితిత్తులకు మందు కనిపెట్టేసిందన్నారు. ఆవిడ కాదు కాదంటూనే ఉన్నారు. ప్లేటులో కణాలకు పనిచేసింది, మనుషులకు ఇంకా ఎంతో దూరముంది అని ఎంత చెప్పినా, అది ఆవిడ వినయం అనుకున్నారు. మావయ్య ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక వీధిలోనే బల్లలు వేసి బిరియానీ. వదినగారు టీచరమ్మ కంచంలో మాంసం ముక్కలు ఏరి ఏరి వేస్తూ, "తిను. మీ అన్నయ్యకి ఊపిరి తెచ్చినావు" అన్నారు. టీచరమ్మ తలొంచుకుని తిన్నారు. ఆ రోజు ఆవిడా నమ్మారనే నేననుకుంటాను. అన్నయ్య విషయం కదా, నమ్మకుండా ఎలా ఉంటారు.

ఆ తర్వాత నాకు అప్పగించిన మొదటి పని అదే ప్రయోగాన్ని మళ్ళీ చెయ్యడం. పాత పద్ధతిలో ఒక చిన్న సంగతి ఉంది. అప్పట్లో మాకు ఇంక్యుబేటర్ ఒకటే. అందులోనూ పక్క ల్యాబ్‌వాళ్ళకు వాటా. చోటు చాలక, ఉత్తదాన్ని మర్నాడే చూసి, కణాలు బాగున్నాయని రాసుకుని తీసేశారు. మందుదాన్ని మాత్రం మూడో రోజుదాకా ఉంచారు. నేను చేసేనాటికి రెండో ఇంక్యుబేటర్ వచ్చింది. చోటుంది కదా అని రెండింటినీ మూడో రోజుదాకా ఉంచాను. ఉత్తదానిలోనూ జీన్ గొంతు అంతే పడిపోయింది.

టీచరమ్మ తనే మళ్ళీ చేశారు. ఇంకోసారి చేశారు. అప్పుడు అర్థమైంది. ఆర్‌ఎన్‌ఏ చేసింది ఏమీ లేదు. పాలిమరే కణాలను నెమ్మదిగా, మర్నాటికి తెలియనంత నెమ్మదిగా చంపుతోంది. "జీన్ నోరు మూసుకోలేదమ్మా. కణానికే మాట పడిపోయింది" అన్నారు ఆవిడ. ఉత్తదాన్ని మర్నాడే తియ్యమన్నది ఎవరని అడగబోయాను. నేను నోరు తెరవకముందే, "నేనే" అన్నారు. పరిశోధన పత్రికకు రాసి ఆ పేపరు వెనక్కి తీసుకున్నారు. అది తేలిక పని కాదు, కానీ అంతకంటే బరువైనది ఇంకోటి మిగిలింది.

ఆ వారం శనివారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మావయ్య ఇంటికి వచ్చారు. మావయ్య గుమ్మం దగ్గర స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. అప్పటికింకా ఆక్సిజన్ పెట్టలేదు. మెట్లెక్కితే మాత్రం ఆగి ఆగి ఎక్కేవాడు. టీచరమ్మ నిలబడే చెప్పారు, ఓడ భాషలోనే.

"అన్నయ్యా, ఆ ఓడ సరుకు దింపలేదు. డాకునే కూల్చేసింది. మనం గప్‌చిప్ అయిపోయిన డాకుని చూసి పని అయిపోయిందనుకున్నాం."

లోపల వదినగారు గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"అయితే మందు నేదు" అన్నాడు మావయ్య.

"లేదన్నయ్యా. ఇంకా లేదు."

"నాకు సెప్పినావు. బాగున్నాది. మరి ఊరందరికీ ఎవులు సెప్తారు? ఆ మూల ఇంటోడు నన్ను రోజూ అడుగుతున్నాడు, ఆడి కొడుక్కి ఎప్పుడిప్పిత్తావని."

మర్నాడు చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా దగ్గర సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం. జ్వరం తగ్గింది, ఉద్యోగం వచ్చింది, కాన్పు సుఖంగా జరిగింది. చెప్పడం అవగానే సంఘమంతా "స్తోత్రం" అంటుంది. టీచరమ్మ లేచి నిలబడ్డారు. మందు గురించే చెబుతారని అందరి మొహాలూ వెలిగాయి.

"నాకోసం మీరు కృతజ్ఞతా కూడిక పెట్టేరు. నేను కూర్చుని భోజనం చేసేను" అన్నారు. "ఆ మందు మందు కాదు. నేను సరిగ్గా చూడలేదు. చూడవలసిన దాన్ని తొందరగా తీసేసేను. ఆశ పెట్టుకున్నవాళ్ళు డాక్టరుగారి మందులు మానకండి. ఇంతే నా సాక్ష్యం."

కూర్చోలేదు. స్తోత్రం అంటేగాని కూర్చోకూడదు, అది అలవాటు. కానీ ఇలాంటిదానికి స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పాస్టరుగారు పుస్తకంలోకి చూస్తున్నారు. ఆవిడ చేతులు ముందుబెంచీ పట్టుకుని ఉన్నాయి. నాకు లేచి ఏదో ఒకటి అనాలనిపించింది. లేవలేదు. అప్పుడు వెనక వరసలోంచి మావయ్య గొంతు వచ్చింది. "స్తోత్రం" అన్నాడు, దగ్గు మధ్యలో. ఆవిడ కూర్చున్నారు.

ఆ రోజునుంచి ఉత్తదాన్ని ముందు చూడడం మొదలైంది.

తర్వాతి ఏళ్ళ గురించి ఏం రాయను. పాలిమర్ ఆవేశం తగ్గిస్తే ఆర్‌ఎన్‌ఏ దారిలోనే జారిపోయింది. పెంచితే కణాలు చచ్చాయి. లోపలికి వెళ్ళాక తనంతట తాను ముక్కలయ్యే పాలిమర్ చేస్తే, అది సీసాలో ఉండగానే ముక్కలైంది. కలిసి చదివినవాళ్ళు ఒక్కొక్కరే ఉద్యోగాల్లోకి వెళ్ళిపోయారు. నా డాక్టరేట్ అయింది. టీచరమ్మ రిటైరయ్యారు. అయినా టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్రోలో వచ్చేవారు. మధ్యాహ్నం బల్లమీద తల పెట్టుకుని కాసేపు కునుకు తీసేవారు. లేచాక చెంపమీద పెన్ను అచ్చు పడి ఉండేది. ఆ అచ్చుతోనే మీటింగులకు వెళ్ళేవారు, మేం చెప్పేవాళ్ళం కాదు.

మావయ్యకు ఆక్సిజన్ పెట్టారు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ ఆయన మంచం పక్కన కూర్చుని ఆ వారం ఏం జరిగిందో చెప్పేవారు. నేనూ వెళ్ళేదాన్ని. ఆయన వినీ వినీ అన్నీ నేర్చుకున్నాడు. "ఉత్తది ఏటన్నాది?" అని ముందే అడిగేవాడు. ఉత్తది చచ్చిందంటే రెండోదాని గురించి అడిగేవాడే కాదు. "అయితే టీ తాగండి" అనేవాడు. అన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా, నాకోసం తొందరగా చెయ్యి అనలేదు. అనకపోవడమే ఆవిడకు బరువుగా ఉండేదని నాకు తెలుసు.

శుక్రవారం ఆవిడ పోసిన ప్లేట్లలో ఉన్నది కొత్త పాలిమర్. రెండు ఇంక్యుబేటర్లూ నిండిపోతే, పక్క ల్యాబ్ ఆయన్ని "దాదా, ఒక్క అర చాలు" అని బతిమాలి ఉత్తదానికి చోటు సంపాదించారు. నేను పోస్తానంటే ఇవ్వలేదు. ఆ సాయంత్రం నాకు చాలా నీరసంగా ఉంది. ఎన్నోసారో కూడా గుర్తులేని పనిని మళ్ళీ చేస్తున్నాం. "అలిసిపోయాను టీచరమ్మా" అన్నాను. ఆవిడ గ్లవ్స్ తీసి, మరమరాల డబ్బా నా వైపు జరిపారు.

"నేనూ అలిసిపోయేనమ్మా. అలిసిపోయినోళ్ళకి సోమవారం రాదేటి? వస్తుంది. అప్పుడు చూద్దాం."

ఆదివారం సమాధి చేశారు. సోమవారం నేను ల్యాబ్‌కి వెళ్ళాను. ఇంటిదగ్గర అమ్మ ఈ ఒక్కరోజు మానెయ్యమంది. మూడో రోజు ఎవరికోసమూ ఆగదు. బెంగాలీ అమ్మాయి నాకంటే ముందే వచ్చి మైక్రోస్కోపు వెలిగించి కూర్చుంది. నేను ప్లేట్లు తీసుకురాగానే, ఏమీ అనకుండా నీలం టేపు ఉన్నదాన్ని ముందు పెట్టింది.

మంగళవారం సాయంత్రం మావయ్య ఇంట్లో, ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. వీధిలో బల్లలు వేశారు, కృతజ్ఞతా కూడికకు వేసినచోటే. ఇప్పుడున్న పాస్టరుగారు కొత్తవారు. పాత సంగతులు తెలియవు. మంచి మనిషి, మంచి మాటలే చెప్పారు. మన సహోదరి ఊపిరితిత్తుల జబ్బుకు మందు కనిపెట్టి ఈ లోకానికి ఇచ్చి వెళ్ళారు అన్నారు. నాకు లేచి కాదనే ఓపిక లేదు. అనకుండా ఊరుకునే ధైర్యమూ లేదు. అప్పటికే గుమ్మంలో, ముక్కుకి గొట్టంతో కూర్చున్న మావయ్య చెయ్యెత్తాడు.

"నేదు అయ్యగారూ" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "ఇంకా నేదు. నా సెల్లి గుడిలో నిలబడి సెప్పినాది. మీరు మార్సకండి."

పాస్టరుగారు తడబడ్డారు. మావయ్య ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు.

"అమ్మీ, లెగు. నిన్న సూసినావా?"

"చూశాను మావయ్యా."

"ఉత్తది ఏటన్నాది?"

అంతమంది ముందు నిలబడ్డాను. ఎవరికి అర్థమవుతుంది, ఎవరికి కాదు అని ఆలోచించే శక్తి లేకపోయింది.

"బతికే ఉంది" అన్నాను. "మూడో రోజుకి కూడా కణాలన్నీ బాగున్నాయి. ఈ పాలిమర్ చంపడం లేదు."

"మరి సరుకు?"

"దిగలేదు మావయ్యా. చుక్కలే. లోపలికి వచ్చింది, సంచుల్లోనే ఉండిపోయింది. జీన్ అలాగే మాట్లాడుతోంది."

మావయ్య కళ్ళు మూసుకున్నాడు. నేను కూర్చోలేదు. కూర్చోవడానికి ఆ ఒక్క మాట రావాలి. ఆయన రెండుసార్లు ఊపిరి పీల్చుకుని, "స్తోత్రం" అన్నాడు. ఈసారి వదినగారు కూడా అన్నారు. ఆవిడ వెనక ఒకరిద్దరు, తర్వాత అందరూ. అర్థమై అన్నారో లేదో నాకు తెలియదు. నేను కూర్చుని ఏడ్చాను. శనివారం నుంచి సరిగ్గా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

జనం వెళ్ళాక మావయ్య మేడమీదికి తీసుకెళ్ళమన్నాడు. మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఆక్సిజన్ సిలిండర్ నేను మోస్తూ, వదినగారు వద్దు వద్దంటూ వెనక నుంచి ఆయన్ని పట్టుకుంటూ ఎక్కాం. పైనుంచి నది కనిపిస్తుంది. చీకటి పడుతోంది. మధ్యాహ్నం పోటుతో వచ్చిన ఓడ ఒకటి డాకు గేటు బయట నిలబడి ఉంది. మావయ్య గోడ పట్టుకుని దానివైపు చూశాడు. ఆయన ఊపిరి చప్పుడు నాకు వినిపిస్తోంది. ఓడమీద దీపాలన్నీ వెలుగుతున్నాయి. సరుకు ఇంకా దిగలేదు.